పట్టా నడుములోని నల్లచార

నేను కొండవంపులో పరిచిన రైలు పట్టాని. కరిగిన ఉక్కును దిమ్మగా పోసినప్పుడు అంచులు ముందు గడ్డకట్టాయి. కర్బనం, భాస్వరం, గంధకం ఇంకా మరుగుతున్న నడిమధ్యకు చేరి అక్కడే చిక్కుబడ్డాయి. ఆ దిమ్మనే సాగదీసి నన్ను చేశారు. పైకి నునుపు, లోపల అవి చేరిన చార మాత్రం పెళుసు. తనిఖీ చేసినాయన నా నిగనిగ చూసి ముద్ర కొట్టాడు. మనుషులకు మెరుపంటే ఎంత నమ్మకమో!

ఖనిజం బండ్లు రోజంతా నా మీదుగా పోయేవి. ప్రతి చక్రానికీ వెంట్రుకవాసి వంగి లేచేదాన్ని. నాతోపాటు వంగలేని ఆ చార దగ్గరే చిట్లాను. ఆ పగులు పెరుగుతూనే ఉంది. నోరు లేనిదాన్ని, ఎవరికి చెప్పుకోను?

రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే కీమ్యాన్ ఎర్రినాయుడు నా తల కింద సన్నని తుప్పుగీత కనిపెట్టాడు. ఇంజనీరుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

"బాబూ, ఇది పైతుప్పు కాదండి. నోపల్నుంచి వొస్తంది. బండి నెమ్మదిగా నడపమని సెప్పండి బాబూ!"

"పరీక్ష చేసే యంత్రం వచ్చేవారం వస్తుంది. అప్పుడు చూద్దాం," అన్నాడాయన.

నాలుగోరోజు తెల్లవారింది. మంచు, వణికించే చలి. ఖనిజం బండి దాటగానే అడ్డంగా విరిగిపోయాను, ఒక ముక్క ఊడిపడింది. ఎర్రినాయుడు వచ్చేసరికి నాలో జానెడు ఖాళీ. వంపు అవతల పాసింజరు కూత వినిపిస్తోంది.

"ఓలమ్మో!" అంటూ బండికి ఎదురు పరుగెత్తాడు. కంకర మీద పడ్డాడు, లేచాడు. మంచులో ఎర్రజెండా కనబడదని, చక్రం పడగానే పేలి డ్రైవరును హెచ్చరించే టపాసులు పట్టా మీద బిగించి మళ్లీ పరుగందుకున్నాడు. "ఆపండ్రా బాబూ, ఆపండి!" టపాసులు పేలాయి. బ్రేకులు కీచుమన్నాయి. నాకు పది బారల దూరంలో ఇంజను ఆగింది. కిటికీలోంచి ఎవరో "ఏ ఊరొచ్చింది?" అని అడిగారు. ఎర్రినాయుడు కంకరలో కూలబడి ఏడ్చాడు.

విచారణలో నన్ను కోసి, నునుపుచేసి, ఆమ్లం పూశారు. నల్లచార బయటపడింది. వాంగ్మూలానికి పిలిస్తే వచ్చిన ఎర్రినాయుడు దాన్ని వేలితో తడిమాడు.

"దీంతోపాటు ఒకే పోతలో పుట్టినివి ఇంకెన్నున్నాయి బాబూ?"

ఇంజనీరు తల వంచుకున్నాడు. "ముప్పై ఆరు. ఎక్కడెక్కడ పరిచారో చూడాలి."

"సూసేదాకా బండ్లు ఆపుతారా?"

బయట ఏదో బండి వెళుతోంది. అది దూరమయ్యేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.