నలుగురికే తెలిసిన మాట

నలభై మీటర్ల ఎత్తున, కొక్కేనికి రెండు టన్నుల ఇనుప చువ్వలు వేలాడుతుండగా నన్ను కిందికి దిగమన్నారు.

"బరువు దించి, తాళం చెవి తీసుకుని వచ్చెయ్," అంది రేడియోలో మేనేజరు గొంతు.

నేను నిచ్చెన దిగేసరికి అతను చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ఆ అరచేతిలో క్రేను తాళం చెవి పెట్టాను. కింద ఎనిమిదేళ్ళు చువ్వలు కట్టి, కొక్కేలు తగిలించి, పరీక్ష నెగ్గి సంపాదించుకున్న కుర్చీ నాది.

"నీకు నిద్ర చాలడం లేదటగా. ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది," అన్నాడు. "ఈ ఏడాదికి నువ్వు పెట్టుకున్న మాట కూడా నిద్రేనట."

"పైన ఎప్పుడైనా కునుకు తీశానా సార్?"

"తీశావని నేననలేదు. డాక్టరు సరేనంటే సోమవారం ఎక్కు. కానీ ఇలాంటిది ఇంకోటి వస్తే పైవాళ్ళకి నేను జవాబు చెప్పలేను, కుర్చీ మీ బావకి ఇచ్చేస్తాను. అబద్ధం రాసి క్రేను ఆపించింది ఫలానా అని తేలితే మాత్రం, ఆ మనిషి మళ్ళీ ఈ గేటు దాటి లోపలికి రాడు."

ఆఖరి మాట నా చెవుల్లో తియ్యగా పడింది.

నిద్ర సంగతి నలుగురికే తెలుసు. జనవరి ఒకటిన టీ దగ్గర కూర్చుని అనుకున్నాం. ప్రతి ఏడూ పది నియమాలు రాసుకుని పదో తారీకుకల్లా గాలికొదిలేస్తున్నామని, ఈసారి మనిషికి ఒక్క మాటే చాలని, ఏ పని చేసినా ఆ మాటని అడిగి చెయ్యాలని. క్యాంటీన్ పిన్ని బీపీ మనిషి, 'ఉప్పు' అంది. నేను సెలవు పెట్టిన రోజు క్రేను ఎక్కే మా బావ, పొట్ట పెరిగిన మనిషి, 'మెట్లు' అన్నాడు. నాకు క్రేను నేర్పిన గురువుగారు 'నడక' అన్నారు. ఆయన చూపు తగ్గి రెండేళ్ళ కింద క్రేను దిగారు. ఇప్పుడు నేలమీద నిలబడి నాకు సైగలిస్తారు. నేను 'నిద్ర' అన్నాను. ఆ రోజు నుంచి పదింటికల్లా ఫోను బీరువాలో పెట్టి పడుకుంటున్నాను. మూడు వారాల్లో నాలుగు గంటల నిద్ర ఏడు గంటలైంది. నన్ను బాగుచేసిన మాటతోనే నన్ను కిందికి లాగారు.

ఎవరై ఉంటారో తడుముకోనక్కర్లేదు. ఆ వారమంతా నా కుర్చీలో కూర్చున్నది బావే. అక్క ఇంటికి వెళ్ళడం మానేశాను. అక్క ఏడ్చినా సరే, బావ టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు బయట నిలబడటం కళ్ళారా చూడాలి.

శుక్రవారం డాక్టరమ్మ దగ్గర నిద్ర ఒక్కటే కాదు, కళ్ళూ తలా రక్తం కాళ్ళూ అన్నీ చూపించుకున్నాను. అన్నీ బాగున్నాయని రాయించుకున్న కాగితం జేబులో పడ్డాకే వల పన్నాను.

ముందు పిన్ని. "లేచి నిలబడితే తల తిరుగుతోంది పిన్నీ. నిద్ర మార్చేశాను, ఇక నా మాట 'నిదానం'."

"నిదానమా? నువ్వా?" అంది గ్లాసులు కడుగుతూ. "టీ కూడా నిలబడే మింగుతావు కదే."

తర్వాత బావ. దూరం వస్తువులు మసకబారుతున్నాయని, ఈ ఏడాది నా మాట 'చూపు' అని చెప్పాను.

"చూపు సంగతి నాకెందుకు మరదలా? వారం నుంచి నా మొహమే చూడటం లేదుగా," అన్నాడు.

చివర గురువుగారు. "పైన బాత్రూం లేదని నీళ్ళు తాగడం మానేశాను. పిక్కలు పట్టేస్తున్నాయి. ఆమధ్య బరువు గాల్లో ఉండగా కాలు కొయ్యబారిపోయింది. ఇక నా మాట 'నీళ్ళు'."

"పద్దెనిమిదేళ్ళు నేనూ అవే పాట్లు పడ్డానే," అని నవ్వారు. "లేవగానే రెండు గ్లాసులు తాగు. పైకెళ్ళాక గంటకో గుక్క. భయపడకు."

ఆయనకి అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది. అయినా ముగ్గురికీ చెప్పాలి కాబట్టి చెప్పాను.

సోమవారం పొద్దున క్రేను కింద అందరం ఉన్నాం. పిన్ని టీ కెటిల్‌తో వచ్చింది. బావ చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. మేనేజరు ఒక కాగితం మడత విప్పుతూ నా వైపు చూశాడు.

"రెండోది వచ్చిందమ్మా."

"అందరికీ వినపడేలా చదవండి సార్."

బావ మొహం మీంచి కళ్ళు తిప్పలేదు నేను. 'చూపు' అన్న మాట కోసం ఆకలిగా కాచుకున్నాను.

"'ఈమె పైన నీళ్ళు తాగదు. పిక్కలు పట్టేస్తాయి. ఆమధ్య బరువు గాల్లో ఉండగా కాలు కొయ్యబారిపోయింది. ఎవరి ప్రాణం మీదికో వస్తుంది.'"

వారం రోజులు బావ కోసం కాచిన పగ చల్లారలేదు. మనిషిని మార్చుకుందంతే.

జేబులోంచి డాక్టరమ్మ కాగితం తీసి ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు.

"అన్నీ బాగున్నాయని ఉందే. మరి ఈ నీళ్ళ గోలేంటి?"

"నేను అల్లిన అబద్ధం సార్. ఒక్కరికే చెప్పాను."

గురువుగారు జరిగి నా పక్కకి వచ్చారు. నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"ఇంకో ఐదు నెలలే సర్వీసు ఉందే నాకు."

"ఎందుకు రాశారు?"

"నన్ను దించిన రోజు తాళం చెవి నా చేతిలోంచే తీసుకుని గబగబా ఎక్కేశావు. సాయంత్రం దాకా ఒక్కసారైనా కిందికి చూశావా?"

చూడలేదు. అది నిజమే.

"ఇవాళ చూస్తున్నాను," అన్నాను.

"ఏంటి మీలో మీరు గుసగుసలు?" మేనేజరు గొంతు పెంచాడు. "ఆ అబద్ధం ఎవరికి చెప్పావో చెప్పు. కుర్చీ కావాలంటే ఇప్పుడే చెప్పాలి."

బావ తొడుగులు తీసేశాడు. పిన్ని కెటిల్ కింద పెట్టింది. గురువుగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని విడిపించుకుని, చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను.

"గురువుగారికి సార్. నాకు క్రేను నేర్పిన ఈయనకి."