ఎడమ పక్క సీటు

మల్లికార్జునప్ప ఆ కారును ట్రాక్టరుకు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చాడు. వాళ్ల నాయన ఎప్పుడో బెంగళూరులో కొన్న స్పోర్ట్స్ కారు. టాపు లేదు. రెండే సీట్లు. పెట్రోలు ఇంజను పగిలిపోయింది. దానికి సామాను ఎక్కడా దొరకలేదట.

“ఓబుళేసన్నా, ఏదో ఒక డీజిలు ఇంజను ఎక్కించు. కదిలితే చాలు.”

కళ్యాణదుర్గంలో పాత జీపు ఇంజను దొరికింది. కారులోకి దించి చూస్తే పొడుగెక్కువ. ఎడమ పక్క కాళ్లు పెట్టుకునే చోటు కోస్తేగానీ పట్టదు. కోస్తే ఆ సీట్లో మనిషి కూర్చోలేడు. ఆ మాటే చెప్పాను.

“కొయ్యి పో. ఆడ కూర్చునేదానికి నాకెవరుండారు?” అని నవ్వాడు. ఆయన భార్య హేమమ్మ పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. ఊరందరికీ తెలిసిందే. 

కోసే మిషను చేతికి తీసుకున్నాను గానీ మనసొప్పలేదు. ఇన్నేళ్లూ బండ్ల కింద పడుకునే బతికాను. పెళ్లీ పిల్లలూ లేరు. ఎవరి పక్కనైనా కూర్చుని, పనేమీ లేకుండా, ఊరికే పోయింది లేదు. ఈ బండి నడిస్తే ఒక్కసారి అందులో బెళుగుప్ప దాకా పోయి రావాలని ఉండింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రేడియేటరును ముక్కు దాకా తోసి, ఇంజనును ముందుకు జరిపి, కాస్త పైకి లేపి కూర్చోబెట్టాను. బానెట్టు మూత పడలేదు. దాన్నే కోసి, పైన రేకుతో గూడు కట్టాను.

మల్లికార్జునప్ప వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“ఏందప్పా ఇది, ఎద్దు మూపురం మాదిరి! మా నాయన చూసింటే ఇద్దర్నీ తన్నింటాడు.”

“సీటు మిగిలింది,” అన్నాను.

“ఎవరికి?”

నేను వంగి నట్టు బిగించాను.

ఆయన కూర్చుని తాళం తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. రోడ్డవతల టీ బంకులో లక్ష్మక్క చెవులు మూసుకుని అరిచింది. “ఏమప్పా, కారు తోలుతాండారా, బోరేస్తాండారా?”

మల్లికార్జునప్ప పక్క సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. “రాన్నా, ఒక సుట్టు పోయొద్దాం!” అని గట్టిగా పిలిచాడు.

మా వైపు మొదటి పిలుపుకే లేచి పోము. అన్నానికి పిలిచినా అంతే. ఒకసారి వద్దంటాం, రెండోసారి పిలిస్తే లేస్తాం.

“పనుండాదిలే,” అని చెయ్యి ఊపాను.

ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో ఆ మోతలో వినపడలేదు.

“వస్తాలే,” అన్నాను. అరిచి చెప్పడం నాకు చేతకాదు. నా మాట నాకే వినపడలేదు. మళ్లీ వద్దన్నాననుకున్నాడేమో, తలూపి గేరు వేశాడు.

నల్లటి పొగ వదులుతూ కారు బెళుగుప్ప రోడ్డెక్కింది. మలుపు తిరిగి కనపడకుండా పోయినా మోత మాత్రం వస్తూనే ఉంది. లక్ష్మక్క టీ తెచ్చి ఇచ్చింది.

“నువ్వు పోలేదేమన్నా? పక్కన ఖాళీగానే ఉండాదే.”

“షికారు పోను నేనేమన్నా పిల్లోన్నా?” అన్నాను.