చిప్పల సొరుగులో చెయ్యి

పొద్దున తొమ్మిదింటికల్లా పుష్పవతి జువాలజీ ల్యాబు తాళం తీసేది. కప్పల సీసాల మీద దుమ్ము దులిపి, బల్లలు తుడిచి, చివరగా మూల బీరువా ముందు రెండు గోనెపట్టాలు పరిచేది. ఆ బీరువా అడుగు సొరుగుకి రోజుకి రెండుసార్లు పోటు వచ్చేది మరి.

నందిగామకి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. అయినా వేళకి సొరుగు నిండేది, అంచు పొర్లి గోనెపట్టాలు తడిసేవి, ఆటు వేళకి నీళ్ళు వచ్చిన దారినే పోయేవి. కాలేజీలో దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పోటు రోజూ ముప్పావుగంటకి పైగా ఆలస్యమవుతుంది కాబట్టి టైంటేబుల్ వేసే ఆమని మేడం వారానికోసారి ప్రాక్టికల్సు గంటలు మార్చేది. కెమిస్ట్రీ నరేంద్ర బకెట్టు పట్టుకెళ్ళి పిల్లల చేత ఉప్పు తీయించేవాడు. వాచ్‌మన్ ఆ ఉప్పుతో మాగాయ పెట్టాడు. బాగానే కుదిరింది.

సొరుగులో ఉన్నవి చిప్పలు. బొటనవేలి గోరంత ఉంటాయి. విప్పిన విసనకర్ర ఆకారం, పిడి దగ్గర రెండు చెవులు, అందులో ఒకటి పెద్దది. ఇంగ్లీషులో స్కాలప్ అంటారు. అవి వచ్చింది మాత్రం జగ్గయ్యపేట కోళ్ల దాణా మిల్లు నుంచి. గుడ్డు పెంకు గట్టిపడాలని దాణాలో సముద్రపు గుల్ల నూరి కలుపుతారు. పుష్పవతి అన్న మోజెస్ ఆ మిల్లులోనే పనిచేస్తాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె కూడా వెళ్ళి బస్తాల్లో వచ్చిన గుల్ల జల్లించేది. జల్లెడలో మిగిలిన ఈ చిన్న చిప్పల్ని మరలో వెయ్యడానికి మనసొప్పక కొంగున కట్టుకొచ్చేది.

అలా ఏడాది పాటు తెచ్చి, తీరిక దొరికినప్పుడల్లా పళ్ళేల్లో వేరు చేసింది. ఇరవై గీతలున్నవి ఒక పళ్ళెంలో, ఇరవై మూడు గీతలున్నవి ఇంకో పళ్ళెంలో. ఈ రెండో రకానికి ప్రతి మూడో గీత మీదా చిన్న పొలుసులు లేచి ఉంటాయి, లోపల కీలు దగ్గర ఊదారంగు మరక ఉంటుంది. ఒకరోజు ఆ పళ్ళెం తెచ్చి లెక్చరర్ డేవిడ్‌రాజు ముందు పెట్టింది.

"ఇవీ అవీ ఒకటి కాదండి సార్. మీ పుస్తకంలో బొమ్మలన్నిటి పక్కనా పెట్టి చూసా. ఈ రకం లేదు."

డేవిడ్‌రాజు నవ్వాడు. డిగ్రీలు లేనివాళ్ళు కనిపెట్టిందేదైనా మన చదువుకున్నవాళ్ళకి ముందు నవ్వుగానే ఉంటుంది. వారం రోజులు పుస్తకాలు తిరగేసి, తెలిసినవాళ్ళకి ఫొటోలు పంపి, చివరికి ఆమె మాటే నిజమని తేల్చుకున్నాడు. అది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని చిప్ప. పళ్ళెం తీసి అడుగు సొరుగులో భద్రం చేశాడు. ఆ మర్నాటి నుంచే పోటు మొదలైంది.

కొత్త జీవికి పేరు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్క చిప్పని ఎంచి, దాని గీతలు, చెవులు, పొలుసులు అన్నీ కొలిచి రాయాలి. అది ఎక్కడ దొరికిందో, ఎవరికి దొరికిందో చీటీ మీద రాసి మ్యూజియానికి అప్పగించాలి. అప్పటి నుంచి ప్రపంచం మొత్తానికి ఆ చీటీయే సాక్ష్యం. కొలతలన్నీ డేవిడ్‌రాజు చాలా నిజాయితీగా రాశాడు. దొరికిన చోటు దగ్గరకొచ్చేసరికి కోళ్ల దాణా అని రాయడానికి నామోషీ అనిపించింది. మంగినపూడి తీరంలో స్వయంగా సేకరించానని రాసేశాడు. ఆయన ఆ తీరానికి ఒకే ఒక్కసారి, ఎక్స్‌కర్షన్ బస్సులో వెళ్ళాడు, మోకాళ్ళ దాకా తడిసి వెనక్కి వచ్చాడు. ఇక అటెండరు పేరు సైన్సు పత్రికకి పంపే వ్యాసంలో పెడితే ఎడిటర్లు నవ్వుతారని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

పేరు మాత్రం కాలేజీ సెక్రటరీ దశరథరామయ్య గారిది పెట్టాడు, చివర లాటిన్ తోక తగిలించి. మన వైపు బోరింగు పంపు మీద కూడా దాత పేరు చెక్కుతారు. చిప్పకి ఉంటే తప్పేముంది? పైగా వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీగా ఉంది. చిప్పని చూపించినప్పుడు సెక్రటరీ గారు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, ఇంతేనా అన్నారు. ఆ తర్వాత ఫంక్షన్ ఎప్పుడు పెట్టుకుందామన్నారు.

అంతా సాగిపోతుందనగా ఎడిటరు నుంచి ఉత్తరం వచ్చింది. సజీవంగా ఉన్నప్పటి ఫొటో ఏదైనా ఉందా అని. డేవిడ్‌రాజు నీరుగారిపోయాడు. ఆ సంగతి పుష్పవతితో అంటే, పోటు వేళ సొరుగు తియ్యండి సార్, అప్పుడు బతికే ఉంటాయిగా, అంది. పద్దెనిమిది నెలలుగా తన కుర్చీకి నాలుగడుగుల దూరంలో జరుగుతున్నది ఆయన ఒక్కసారీ వంగి చూడలేదు. వంగడం అటెండర్ల పని అనుకున్నాడు.

ఆయన సొరుగు తీస్తే చిప్పలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. పుష్పవతి చెయ్యి పెట్టగానే ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అంచు చుట్టూ ఆవగింజల్లాంటి నీలం కళ్ళు, ఒక్కోదానికి నలభై. చప్పట్లు కొట్టినట్టు మూసి తెరుస్తూ నీళ్ళలో ఎగిరి వచ్చి ఆమె వేళ్ళ మీద వాలాయి. చెయ్యి తీస్తే మూసుకుంటున్నాయి. చేతితో సహా ఫొటో తీయక తప్పలేదు. తర్వాత కంప్యూటర్లో ఆ ఫొటోని మణికట్టు దగ్గర కత్తిరించాడు, ఆకుపచ్చ గాజులు కనపడకుండా.

ఎడిటరు మర్యాదస్తుడు. ఫొటో చాలా బాగుందని మెచ్చుకుని, కింద రాయడానికి ఆ చెయ్యి ఎవరిదో చెప్పమన్నాడు. అంతే అడిగాడు. డేవిడ్‌రాజు ఆ ప్రశ్న రెండుసార్లు చదివాడు. తర్వాత "రచయితదే" అని టైపు చేశాడు. ఒక్క మాటే కదా అనుకున్నాడు. చివరిసారి దిద్దుబాటుకి ప్రూఫులు పంపుతామని జవాబొచ్చింది.

ప్రూఫులు వచ్చేలోపే కాలేజీ గేటుకి ఫ్లెక్సు ఎక్కింది. పది అడుగుల చెయ్యి, దాని మీద పళ్ళేలంతేసి చిప్పలు. "డేవిడ్‌రాజు గారి చేతిలో దశరథరామయ్య గారి చిప్ప" అని కింద ఎర్రక్షరాలు. షాపువాడికి ఆయన అసలు ఫొటో పంపించి, గాజులు చెరిపెయ్యమని కూడా చెప్పాడు. జల్లెడ తీగ కోసిన గీతలు, చీలిన బొటనవేలి గోరు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చెరపాలని ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున పుష్పవతి చంకలో గోనెపట్టాలతో ఆ ఫ్లెక్సు కింద నిలబడి ఉంది. డేవిడ్‌రాజు బండి దిగాడు.

"చెయ్యి నాదని చెప్పమని నేను అడగలేదు సార్," అంది. "మీదని ఎందుకు చెప్పారు?"

ఆ గొంతులో కోపం ఉండుంటే ఆయన తట్టుకునేవాడు. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆయనకి చందర్లపాడులో కూలికి వెళ్ళి మిరపకాయలు కోసి, ఏరి తనని చదివించిన అమ్మ చేతులు గుర్తొచ్చాయి. అవీ ఇలాగే ఉండేవి. కాలేజీలో చేరేటప్పుడు ఆ చేతులు స్నేహితులకి కనపడకుండా అమ్మని చెట్టు వెనక నిలబడమన్న సంగతీ గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజే సన్మానం. పోటు పదకొండూ నలభైకి కాబట్టి ముహూర్తం కూడా అప్పుడే పెట్టారు. సొరుగు ఊడదీసి స్టేజీ మీద బల్లపైన పెట్టారు. దశరథరామయ్య గారు శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వేళ తప్పకుండా నీళ్ళు ఊరాయి. అందరూ సెల్‌ఫోన్లు పైకెత్తారు. డేవిడ్‌రాజు చొక్కా చెయ్యి మడిచి సొరుగులో పెట్టాడు.

ఒక్క చిప్పా తెరుచుకోలేదు. హాలంతా ఎదురుచూసింది. నీళ్ళు అంచు పొర్లి సెక్రటరీ గారి చెప్పులు తడిశాయి.

"నీ చెయ్యే కదయ్యా," అన్నారాయన మెల్లగా. "గుర్తుపట్టవేం?"

అబద్ధమాడటానికి అప్పటికీ సందుంది. ఏసీ చల్లదనం అనొచ్చు, లైట్లు ఎక్కువ అనొచ్చు. డేవిడ్‌రాజు తడి చేత్తోనే మైకు పట్టుకున్నాడు.

"ఇది నా చెయ్యేనండి. ఫొటోలోది కాదు. అది పుష్పవతి గారిది. ఈ చిప్పల్ని కనిపెట్టిందీ ఆవిడే. జగ్గయ్యపేటలో, కోళ్ల దాణాకొచ్చిన గుల్లలో. నేను అబద్ధం రాసా."

తలుపు దగ్గర నిలబడ్డ పుష్పవతి వచ్చి స్టేజీ ఎక్కింది. శాలువా కోసం కాదు, నేల తడిసిందని. గోనెపట్టాలు పరిచి, చిప్పల వైపు చూసి, ఊరికే ఉండలేక చెయ్యి ముంచింది. అన్నీ విచ్చుకున్నాయి. ఆ కళ్ళన్నీ తననే చూస్తున్నట్టనిపించి డేవిడ్‌రాజు తల దించుకున్నాడు.

వారం తిరక్కుండానే ప్రూఫులు వచ్చాయి. దొరికిన చోటు, దొరికినవాళ్ళ పేరు, చిప్ప పేరు, చెయ్యి ఎవరిది, అన్నీ దిద్ది పంపాడు. సముద్రంలో ఏ తీరమో తెలియదని, ప్రాణంతో చూసిన చోటు నందిగామ బీరువా అడుగు సొరుగు అని రాశాడు. ఎడిటరు అదేమిటని అడగలేదు. చిప్పకి పుష్పవతి పేరు నిలిచింది. వైస్ ప్రిన్సిపాల్ పోస్టు నరేంద్రకి వెళ్ళింది. చిప్పని అప్పగించిన విశాఖ మ్యూజియం వాళ్ళు, తమ దగ్గర ఏళ్ళ తరబడి పేర్లు లేకుండా పడున్న చిప్పల్ని వేరు చేసి పెట్టమని పుష్పవతిని ఉద్యోగానికి పిలిచారు. చిప్పల సీసా ఒళ్ళో పెట్టుకుని ఆమె విశాఖ బస్సెక్కింది. పోటు కూడా ఆమె వెంటే పోయింది.

రెండు నెలలకి ఫోను చేసింది. కొత్త సొరుగుకీ పోటు వస్తోందట, అక్కడివాళ్ళు సర్దుకున్నారట.

"ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి సార్. మూసుకుంటే మూసుకుంటాయి," అంది.

వస్తాననే అన్నాడు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు ల్యాబుకి అటెండరు లేడు. పొద్దున తొమ్మిదింటికి తనే తాళం తీసి, ఎండిపోయిన సొరుగు ముందు గోనెపట్టాలు పరుస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మొన్న మంగళవారం పట్టా ఒక మూల తడిగా ఉంది. వంగి, వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.

ఆఫీసుకి వెళ్ళి సెలవు చీటీ తీసుకున్నాడు. కారణం అన్న చోట పద్నాలుగేళ్ళుగా ఒంట్లో బాగోలేదని రాయడం అలవాటు. ఈసారి "క్షమాపణ చెప్పుకోవడానికి" అని రాసి ఇచ్చాడు. ప్రిన్సిపాల్ చదివి, తలెత్తకుండా సంతకం పెట్టాడు.