సీసా మీద ఉచ్చీరమ్మ

తన పండుమిరపకాయ ఊరగాయను ఉరుకుంద తిరునాళ్లలో అమ్మడానికి ఉచ్చీరమ్మ ఒప్పుకుంది గానీ, ఒక షరతు పెట్టింది. సీసా మీద తన ఫోటో ఉండాలి. ఆ ఫోటో తనకు నచ్చాలి. నచ్చకపోతే జాడీ మూతికి గుడ్డతో కట్టిన వాసెన విప్పేది లేదు.

కోడలు మంజుల ఈ మాట విని నవ్వలేదు. ముఖం కదలకుండా నవ్వుకోవడం ఆమెకు ఆ ఇంట్లో డిగ్రీ కంటే ఎక్కువ అక్కరకొచ్చిన విద్య. ఊరగాయ అత్తది. సీసాలు, తిరునాళ్లలో అంగడికి చోటు, అసలు అమ్ముదామన్న ఆలోచన, ఇవన్నీ మంజులవి. తను మొదలుపెట్టిన పని ఒక్కటైనా గడప దాటి జనంలోకి పోవాలని ఆమెకు ఎంత ఆశో ఆ వంటింటి గోడలకు తెలుసు.

ఉచ్చీరమ్మ ఆశ వేరు. ఆమెకు కొత్తగా పళ్లసెట్టు వచ్చింది. వచ్చినప్పటి నుంచి వీధిలో కారణం లేకుండా నవ్వుతోంది. తెల్లటి జుట్టు, పెద్ద బొట్టు, నిండా పళ్లు. ఫోటో బాగానే పడింది.

స్టిక్కర్ పని ఆదోనిలో ఖలీల్‌కు అప్పగించారు. నూనె తగిలితే కాగితం జారిపోతుందని, లోపలి సరుకు కనపడేలా ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ మీద వేద్దామన్నాడు. వాట్సాప్‌లో ప్రూఫ్ పంపి, ‘అక్కా, ఓకే అంటే మెషీన్ ఎక్కిస్తా’ అని రాశాడు.

ఉచ్చీరమ్మ ఫోన్‌ను దూరంగా పెట్టి ఒకసారి, ముక్కుకు ఆనించి ఒకసారి చూసింది.

“పళ్లు బాగా పడినాయి. ఓకే అను.”

మంజుల వేలు అక్కడిదాకా పోయి ఆగింది. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు మగ్గాల వీధి. కాగితం మీది రంగు నమ్మి వాళ్ల నాన్న ఏనాడూ చీర దించలేదు. జానెడు నేసి, మగ్గం గుంతలోంచి లేచి, బట్టను ఎండలో చూసుకున్నాకే మిగతాది.

“సీసా మీద అంటించి సూద్దాము అత్తా. మనం తినేదాంట్లోంచి ఒకటి నింపియ్యి, ఆదోనికి పోయొస్తా.”

“అంతేలే. పిల్లని ఫోటోలో సూసి ఖాయం సేసుకుంటారా యాడన్నా? పద, నేనూ వస్తా.”

“ఫోటోలో పిల్ల నువ్వే కదత్తా.”

“అందుకే వస్తాండా.”

ఆదోని దాకా సీసా ఉచ్చీరమ్మ ఒళ్లో కూర్చునే ప్రయాణం చేసింది.

వీళ్లు వెళ్లేసరికి ఖలీల్ వాళ్లమ్మ సుగ్రాబీ కొడుక్కి క్యారియర్ తెచ్చి, కొట్లోనే కూర్చుని ఉంది. కొంగు కింద ఆమె జుట్టు గోరింటాకుతో ఎర్రగా మెరుస్తోంది. ఖలీల్ స్టిక్కర్ నమూనా చేతికిచ్చాడు. వెనక తెల్లకాగితం ఉన్నంతసేపూ ఉచ్చీరమ్మ అందులో పెళ్లివారింటి పెద్దముత్తైదువలా ఉంది. ఆ కాగితం ఒలిచి, ప్లాస్టిక్‌ను సీసాకు అంటించాడు.

ఉచ్చీరమ్మ ముందుకు వంగి చూసింది.

సీసా మీది మనిషికి జుట్టు ఎరుపు, కంటిగుడ్లు ఎరుపు, పళ్లు మరీ ఎరుపు. ఒకరిని నమిలి పూర్తిచేసి, ఇంకెవరున్నారా అని చూస్తున్నట్టుంది. మంజులకు మాత్రం అది కొత్త ముఖం కాదు. కాపురానికొచ్చిన మొదటివారం పప్పు మాడినప్పుడు చూసింది.

“ఎవురే ఇది?” అంది ఉచ్చీరమ్మ.

“మీరే పెద్దమ్మా,” అన్నాడు ఖలీల్, గొంతు తగ్గించి.

“నేనైతే నన్ను సూసి నాకే దడుపెందుకొస్తాది?”

“తప్పు నాదే. మామూలుగా మేము తెలుపు అచ్చెయ్యము, కాగితం తెలుపే పనికొస్తాది. ఈ ప్లాస్టిక్‌కి తెల్ల ఇంకు విడిగా కింద వెయ్యల్ల. మరిసిపోయినా. పళ్లున్న కాడ ఏమీ పడలేదు, ఎనకాల మీ ఊరగాయే కనపడతాంది.”

“నా పళ్లని ఊరగాయకు బలిచ్చినావు కదప్పా! పదవే మంజులా. వాసెన విప్పేది లేదు.”

ఉచ్చీరమ్మ లేచి చెప్పులు వెతుక్కుంటోంది. మంజుల లేవలేదు.

“కంటికి, పంటికి తెలుపెయ్యి ఖలీలూ. జుట్టుకీ ఎయ్యి.”

“జుట్టుకు కుదరదక్కా. సన్న పోగులు గదా, తెలుపు పక్కకు దాటి తలకు రుమాలు కట్టినట్టు అయితాది.”

మంజుల సుగ్రాబీ తల వంక చూసి నిట్టూర్చింది. “ఎట్లయినా జుట్టు తెల్లగానే ఉండల్లప్పా. సుగ్రాబమ్మకైతే ఎరుపు అందం గానీ, మా అత్త మొగానికి యాడ నప్పుతాది?”

చెప్పులోకి పోబోయిన కాలు వెనక్కి వచ్చింది.

“నప్పదని ఎవురు సెప్పినారు నీకు?”

“అరే, బాగుంటాది అక్కా,” అంది సుగ్రాబీ. “నేను గోరింటాకు రుబ్బి రుబ్బి సేతులు పీక్కుంటాండా. నీకు ఊరగాయతోనే వచ్చేసె!”

“ఇనపడిందా? జుట్టు అట్నే ఉండనీ ఖలీలూ. పళ్ల సంగతి సూడు.”

ఖలీల్ అప్పటికప్పుడు తెలుపు సరిచేసి ఇంకో నమూనా తీశాడు. మంజుల పాతది ఒలిచేసి, కొత్తదాన్ని సీసాకు అంటించి, నాన్న లాగే ఎండలోకి తీసుకుపోయి పట్టింది. పళ్లు మల్లెమొగ్గలు. జుట్టు భగ్గుమంటోంది. ఉచ్చీరమ్మ సీసాను ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి సుగ్రాబీ తల పక్కన పెట్టి చూసింది.

“నాదే ఎరుపెక్కువ,” అంది. “ఓకే.”

తిరునాళ్లలో సీసాలు బాగానే పోయాయి. ఎర్రజుట్టు అవ్వ ఊరగాయ యాడ అని అడుగుతూ వచ్చినవాళ్లూ ఉన్నారు.

నమూనా సీసాను మాత్రం ఉచ్చీరమ్మ అమ్మనివ్వలేదు. అది వంటింటి గూట్లో చేరి, ఇంట్లో వాడకానికి వచ్చింది. ఒకరోజు గూటి దగ్గర్నుంచి కేక వినపడింది.

“ఏమే! నాకు బట్టతల వస్తాంది!”

నిజమే. ఊరగాయ తగ్గింది. నడినెత్తి మీద ఎరుపు దిగిపోయి ఉత్త గాజు మిగిలింది. ఉచ్చీరమ్మ ఆగలేదు. తనే జాడీ దగ్గరికి పోయి, తన చేత్తోనే వాసెన విప్పి, సీసాను పాపిట దాకా నింపింది.

ఆనాటి నుంచి ఆ సీసాను తగ్గనిస్తే ఒట్టు. మంజుల మధ్యాహ్నం అన్నంలోకి అందులోంచి ఒక గరిటె ఎక్కువే వేసుకుంటోంది.