ఏడో నంబరు సూది

దారం ఇంకా జానెడు ఉందనగానే పెద్దక్క కుట్టు ఆపింది. కండె నుంచి కొత్త దారం లాగి, దాని కొసను పాత దారం కొసతో కలిపి వేళ్ళ మధ్య పేనింది. మైనం ముక్క మీద రెండుసార్లు రాసి, ఊపిరి బిగబట్టి మెల్లగా లాగింది. అతుకు సూది బెజ్జంలోంచి దూరి అవతలికి వచ్చేసింది. హమ్మయ్య అనుకుని పాత దారాన్ని బట్టలో ముడివేసి కత్తిరించి, మళ్ళీ కుట్టు మొదలుపెట్టింది.

రెండేళ్ళుగా ఆమె సూదిలోకి దారం ఎక్కించలేదు. ఎక్కించలేకపోయింది అనడం న్యాయం. దగ్గరి వస్తువులు నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తున్నాయి. కళ్ళజోడు మార్చి చూసింది, లాభం లేకపోయింది. నరం ఎండిపోతోంది, వెనక్కి రాదు అన్నాడు కళ్ళ డాక్టరు. ఆ మాటను ఆయన గదిలోనే వదిలేసి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా కుడుతున్న వేళ్ళు అవి. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం ఎడమ బొటనవేలి గోరే కొలుస్తుంది. కానీ చూపు పోయిందని తెలిస్తే కూర్చునే స్టూలు పోతుంది. ఇల్లు నడిచేది దాని మీదే. అదొక్కటే అయితే ఏదో ఒకటి చూసుకునేది. పని లేకపోతే ఈ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియదు. అందుకే ఎవరి దగ్గరా నోరు మెదపలేదు.

గదిలో పన్నెండు బల్లలు, పన్నెండు స్టూళ్ళు. ఒకప్పుడు ఇక్కడ గుడారాలూ వానకోట్లూ కుట్టేవారు. మూడేళ్ళ కిందట షావుకారు ఈ కార్ఖానా కొన్నప్పటి నుంచీ ఆకాశం దాటి వెళ్ళేవాళ్ళు తొడుక్కునే సూట్లు కుడుతున్నారు. ఆయన పేరుతో ఇక్కడ ఎవరికీ పనిలేదు, అందరికీ షావుకారే. రేపు పొద్దున తన సొంత రాకెట్టులో తానే పైకి వెళ్తున్నాడు. పదకొండు నిమిషాలు అక్కడ తేలి కిందికి దిగుతాడట. పెద్దక్క ఒళ్ళో ఉన్నది ఆయన సూటే. సాయంత్రం నాలుగింటికి అది పెట్టెలో పడాలి.

గోడకు నంబర్లు వేసిన మెత్తని పలక ఒకటుంది. మనిషికి ఒక్కటే సూది. పెద్దక్కది ఏడో నంబరు. ఎవరు లేచినా ముందు సూదిని తీసుకెళ్ళి తన నంబరు దగ్గర గుచ్చాలి, ఆ తరవాతే మంచినీళ్ళయినా. విరిగితే రెండు ముక్కలూ చూపించాలి. సూట్లో గాలిని నిలిపే పొర ఉల్లిపొర అంత పలచన. దానికి సూదిమొన తగిలిందంటే పైన మనిషికి ఊపిరి ఉండదు. ఇన్నాళ్ళలో ఏడో నంబరు మీద ఒక్క మాట పడలేదు.

ఊళ్ళో మాత్రం షావుకారుని తిట్టని నోరు లేదు. బస్సులో, మంగలి షాపులో, టీవీలో అదే గోల. పదకొండు నిమిషాల సరదాకి ఎన్ని ఆస్పత్రులు కట్టొచ్చో అని ఒకడు, పోయినవాడు పైనే ఉండిపోతే పీడా పోతుంది అని ఇంకొకడు. పెద్దక్క వింటుంది, ఔననదు, కాదనదు. ఆమె చెల్లెలు అలా కాదు, నోరు విప్పిందంటే వీధి లేచి కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళు ఆయాగా చేసిన వీధి ఆస్పత్రి నిరుడు మూతపడింది. నిధుల్లేవన్నారు. అదే నెలలో షావుకారు రాకెట్టు మైదానానికి నగరం ఖర్చుతో రోడ్డు పడింది. అప్పట్నుంచి కార్ఖానా గేటు దగ్గర అరిచేవాళ్ళలో చెల్లెలిదే ముందు వరస.

మొన్న ఆదివారం ఆ చెల్లెలే ఓ పెద్ద తెల్లగుడ్డ తెచ్చి అక్క ఒళ్ళో పడేసింది. దాని మీద ఎర్రటి అక్షరాలు: పైకి పోయేముందు కిందికి చూడు.

"అంచు కుట్టిపెట్టు అక్కా. గాలికి చినిగిందంటే అందరిలో నవ్వులపాలవుతాం."

"వారమంతా ఆయనకి కుట్టి, ఆదివారం మీకా?"

"నీ చేతికి ఆయనైతేనేం, మేమైతేనేం!"

"అరవడం నేర్చావు గానీ సూది పట్టడం నేర్వలేదు" అని సణుగుతూనే, సూటుకు వేసే జంటకుట్టే ఆ గుడ్డకీ వేసింది పెద్దక్క. సూదిలో దారం చెల్లెలే ఎక్కించి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

ఈ రోజు భోజనాలయ్యాక గేటు దగ్గర అరుపులు మొదలయ్యాయి. అన్ని గొంతుల్లోనూ చెల్లెలి గొంతు వేరుగా వినిపిస్తోంది. గాలి గట్టిగా వీస్తోంది, కిటికీ తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. పెద్దక్క అప్పుడే ఒక వరస ముగించి, సూదికి మూరెడు దారం మిగుల్చుకుని తెంపింది. ఇంత గాలికి ఆ గుడ్డ అంచు ఆగుతుందా అని ఒకటే దిగులు. ఉండబట్టలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద తెల్లగా ఏదో ఊగుతోంది, అంతే. ఇప్పుడు దూరానివి కూడా చెదిరిపోతున్నాయన్నమాట.

"ఆ గుడ్డ ఏమైనా చినిగిందా?" అని పక్క స్టూలు పొడుగమ్మాయిని అడిగింది.

"ఎక్కడ! తెరచాపలా నిలబడింది పెద్దక్కా. ఎవరు కుట్టారో మహాతల్లి!"

లోపల్లోపల మురిసిపోతూ వచ్చి కూర్చుంది. చెయ్యి చాపితే సూది లేదు.

బట్ట మీద తడిమింది, ఒళ్ళో తడిమింది, బల్ల అంచు పొడుగునా వేళ్ళు పోనిచ్చింది. లేచి పలక దగ్గరికి వెళ్ళి తడిమింది. ఏడో నంబరు దగ్గర ఖాళీ. గడియారం రెండు కొట్టింది.

ఎవరూ చూడలేదు. బల్ల సొరుగులో గుడారాలనాటి పాత సూది ఒకటుంది. సాయంత్రం దాన్ని గుచ్చేస్తే అడిగేవాడు లేడు. నోరు మూసుకుంటే స్టూలు ఉంటుంది. గేటు బయట ఇంతమంది ఏది కావాలని అరుస్తున్నారో అది ఒక్క సూదితో అయిపోయినా అయిపోవచ్చు. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు తనని తానే తిట్టుకుంది. సూటు మెడ మీద చెయ్యి వేసింది. ఆ మెడ చుట్టుకొలత ఆమెకి తెలుసు. ఎడమ భుజం కుడిదాని కంటే అరంగుళం కిందికి ఉంటుందని షావుకారు భార్యకైనా తెలుసో లేదో, ఈమెకి తెలుసు.

"సూపర్‌వైజరుగారూ, నా సూది కనిపించట్లేదు" అంది.

నేల మీద అయస్కాంతం తిప్పారు. సూట్లో జిప్పులూ రింగులూ ఉన్నాయి కనక అక్కడ అది పనికిరాదు; అస్తరు విప్పాల్సిందే. నలుగురు కూర్చుని తొమ్మిది వారాల కుట్టు గంటన్నరలో విప్పేశారు. నాలుగింటికి, ఇలాంటి అవసరానికే పక్కగదిలో ఉంచిన రెండో సూటు పెట్టెలో పడి వెళ్ళిపోయింది. షావుకారు ప్రయాణం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. గేటు దగ్గరివాళ్ళకి ఈ సంగతే తెలియలేదు.

సూది మాత్రం దొరకలేదు. ఐదింటికి పెద్దక్క పనికోటు విప్పబోతుంటే పొడుగమ్మాయి కెవ్వుమంది.

"కదలకండి పెద్దక్కా!"

కోటు కాలరుకు, జుట్టుముడి కింద, గుచ్చి ఉంది. తెల్లకోటు మీద తెల్లదారం. అందరి కళ్ళూ సూటు మీదే ఉన్నాయి, కోటు వంక చూసినవాళ్ళు లేరు. ఇంట్లో కుట్టుకుంటూ లేచినప్పుడల్లా వాళ్ళమ్మ సూదిని అక్కడే గుచ్చుకునేది. చూసి చూసి కూతురికీ ఆ చెయ్యే వచ్చింది.

సూపర్‌వైజరు సూదిని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇందాకట్నుంచి చూస్తున్నా. అందరూ కళ్ళతో వెతికారు, మీరు వేళ్ళతో వెతికారు. ఎన్నాళ్ళయింది?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. రాలేదు.

"రెండేళ్ళు."

విప్పిన అస్తరు వంక చూశాడు ఆయన. కుట్ల గుర్తులు వరస తప్పకుండా చివరిదాకా ఉన్నాయి.

"రూలు నేను పెట్టింది కాదు పెద్దక్కా."

"తెలుసు బాబూ."

రేపట్నుంచి రావద్దన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె చేతిలోంచి కోటు అందుకుని మడతపెట్టాడు.

గేటు బయట చెల్లెలు గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని కాచుకుని ఉంది. జరిగింది విని నెత్తి కొట్టుకుంది.

"ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది? వాడు ఉంటేనేం, పోతేనేం!"

"వాడి సంగతి కాదే. సూట్లో ఉండేది ఒళ్ళు కదా, గుచ్చుకుంటుంది" అంది పెద్దక్క. అంటూండగానే ఏడుపు వచ్చేసింది.

చెల్లెలు గుడ్డను రెండో చంకలోకి మార్చుకుంది. రోడ్డు దాటేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ విదిలించుకునే అక్క ఈసారి పట్టుకోనిచ్చింది.

మర్నాడు పొద్దున షావుకారు పైకి వెళ్ళి, తేలి, క్షేమంగా దిగాడు. చూడటానికి అందరూ సూదులు పలకలో గుచ్చి కిటికీల దగ్గరికి పరిగెత్తారు. పెద్దక్క స్టూలు పొద్దుటి నుంచీ ఖాళీగానే ఉంది. సూపర్‌వైజరు గుచ్చిపెట్టిన ఏడో నంబరు సూది కూడా మిగతా వాటి వరసలోనే ఉంది. దాని బెజ్జంలో మూరెడు తెల్లదారం, కొత్తది కలిపి పేనితే చాలన్నట్టు, కిటికీ గాలికి ఊగుతోంది.