మస్టరు అననివాడు

పుష్పమ్మకు అనుమానం చాయ్ గ్లాసు దగ్గర పుట్టింది.

చూడవచ్చిన పిల్లవాడు తీరుగానే ఉన్నాడు. పేరు దేవేందర్. సొంతూరు జనగామ దగ్గర రఘునాథపల్లి, కొలువు భూపాలపల్లి బొగ్గు బాయిలో. పుష్పమ్మ బిడ్డ రూపతో కలిసి బీయెడ్ చదివిన పిల్లకు అన్న వరస. "నాకు ఇష్టమేనే అమ్మా, నువ్వొకసారి చూడు" అని రూపే చెప్పింది. సరేనని పుష్పమ్మ మహబూబాబాద్‌లోని తమ అద్దె ఇంటికి పిలిచి, ఉప్మా పెట్టి, చాయ్ ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"పనికి రోజూ పోతవా బిడ్డా?"

"అటెండెన్స్ రెగ్యులర్‌గా ఉంటుంది ఆంటీ."

గ్లాసు అందుకోబోయిన పుష్పమ్మ చెయ్యి మధ్యలో ఆగింది.

"మరి ఆదివారాలు?"

"సండే కూడా ఒక్కోసారి వర్క్ ఉంటుంది."

"పాణం బాగ లేకుంటే?"

"సిక్ లీవ్ పెడతాను ఆంటీ."

ఇస్త్రీ చేసిన చొక్కాలా ఒక్క మడత లేదు ఆ మాటల్లో. పుష్పమ్మకు మింగుడు పడనిదల్లా అదే.

ఆమె చదివింది నాలుగో తరగతి. అయినా ఆమెకూ ఇంగ్లీషు ఉంది. భూపాలపల్లి బాయిలో ఏళ్ల తరబడి పనిచేసిన భర్త ఉప్పలయ్య రోజూ ఒంటిమీది బొగ్గుతో పాటు ఇంటికి మోసుకొచ్చిన ఇంగ్లీషు అది. బాయి మనిషికి హాజరు పడదు, మస్టరు పడుతుంది. జ్వరమొస్తే సెలవు పెట్టడు, సిక్కుల ఉంటాడు. వారపు సెలవు రోజుకు అక్కడ పేరు ప్లేడే. ఆ రోజు పని రాయించుకుంటే, అంటే ప్లేడే దొరికితే, రెట్టింపు కూలి, అందుకని పని రాసే సర్దారు వెంట అందరూ తిరుగుతారు. ఉప్పలయ్య తన పెండ్లికి కూడా ప్లేడే వదులుకోలేదు. పెద్దలు ఆదివారం పెడితే గురువారానికి జరిపించుకున్నాడు. తాళి కట్టి, ఆదివారానికల్లా బాయిలో దిగాడు.

ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందున నలుపు మిగిలినట్టే, బాయిలో దిగినవాడి నోట్లో ఆ మాటలు మిగిలిపోతాయి. ఈ పిల్లవాడి నోరు మాత్రం తెల్లగా ఉంది.

పోతూ పోతూ దేవేందర్ ఫోన్‌లో తన గుర్తింపు కార్డు చూపించాడు. అడగకముందే ఎందుకు చూపించినట్టు? వెనక వాడలో కొండల్ బిడ్డను పోయినేడు చేసుకున్నవాడూ ఇట్లాగే కార్డు చూపించాడు. బాయిల పర్మినెంటు కొలువన్నాడు. తీరా చూస్తే లారీ మీద క్లీనరు. ఆ పిల్ల ఇప్పుడు తల్లిగారింట్లోనే ఉంది.

సాయంత్రం రూప పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ ఉంటే పుష్పమ్మ మెల్లగా కదిపింది.

"ఆ పిలగాడు బాయి మొకం చూసినోడు కాదే."

"ఎట్ల చెప్తవ్?"

"గంట కూసున్నడు. ఒక్కసారన్న మస్టరన్నడా?"

రూప ఎర్ర పెన్ను కింద పెట్టింది. స్టేషను దగ్గరి ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది ఆమె. "మంచిగ మాట్లాడినా తప్పేనా అమ్మా? మస్టరట మస్టరు! ఇప్పుడు వేలు పెడితే మిషన్ల హాజరు పడుతది."

"వేలు పెట్టినా, కాలు పెట్టినా దాని పేరు మస్టరే."

"ప్లేడే అంటవు గద, అర్థం తెలుసా నీకు? ఆడుకునే రోజు. నాయిన బాయిల గోళీలాడిండా?"

పుష్పమ్మ తలెత్తి చూసింది. గోడ మీద ఉప్పలయ్య ఫొటో ఉంది. చనిపోయి మూడేళ్లు. రూప కూడా అటు చూసి తల దించుకుంది.

"వచ్చే ఆదివారం లోపట నీ మాట చెప్పు," అంది. "వాళ్లింట్ల అడుగుతున్నరు. నువ్వు వద్దంటే నేను చేసుకోను. కానీ ఇంకొకల్ని తీసుకొస్తే గూడ చేసుకోను."

మాట అంత తేల్చి చెప్పాక పుష్పమ్మకు నిద్ర ఎట్లా పడుతుంది? కాదంటే బిడ్డ బతుకు ఇట్లాగే ఆగిపోతుంది. అవునంటే, కొండల్ బిడ్డ గతి పడితే? భూపాలపల్లి పాత కాలనీకి ఫోన్ చేసి అడగొచ్చు. ఒక చెవిన వేస్తే సాయంత్రానికి కాలనీ అంతా పాకుతుంది, "ఉప్పలయ్య బిడ్డ ఎవడినో చూసుకున్నదట" అని. ఆ వారమంతా ఆమె ఆలోచిస్తూనే ఉంది. రోజూ సాయంత్రం ముందు గదిలో రూప ఫోన్ పట్టుకుని ఎవరికో పాఠం చెబుతుండేది. "అట్ల కాదు, నాలుక కొస పండ్లకు తాకాలె. మళ్లొకసారి అను." ట్యూషన్ పిల్లలేమోలే అనుకుంది పుష్పమ్మ.

శుక్రవారం పొద్దున్నే పాత స్నేహితురాలు దుర్గమ్మను చూసి వస్తానని చెప్పి బయలుదేరింది. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు తీసుకుని, హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటి భూపాలపల్లిలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది.

దుర్గమ్మ ఒకప్పుడు క్వార్టర్లలో పక్కింటి మనిషి. ఇప్పుడు బాయి గేటు ఎదురుగా మిర్చి బండి పెట్టుకుంది.

"ఏందే పుష్పక్కా, తొవ్వ తప్పినవా?"

"నీ మిర్చి తిందామని వచ్చిన."

"మూడేండ్లకు ఆకలయిందా?" దుర్గమ్మ గంటె తిప్పుతూ ఆమె మొహం చదివింది. "ఎవల కోసమొచ్చినవ్? జెప్పు."

"షిఫ్టు వదిలినంక చెప్తలే."

కొంగు నెత్తిన కప్పుకుని, పొయ్యి వెనక డబ్బా మీద కూర్చుంది పుష్పమ్మ. మూడున్నరకు గేటు దగ్గర మనుషులు కదిలారు. మోటార్ సైకిళ్లు, చేతిలో టిఫిన్ డబ్బాలు, కాటుక పెట్టినట్టు నల్లబడ్డ కళ్లు. పది మంది పోయారు. ముప్పై మంది పోయారు. దేవేందర్ లేడు. తన అనుమానమే నిజమైనందుకు ఆమె గర్వపడాల్సింది. రూపకు ఈ ముచ్చట ఏ నోటితో చెప్పాలా అనుకుంటూ పొయ్యి మీదికి వంగి గేటు లోపలికి చూసింది.

"అక్కడ తలకాయ వంచి చూస్తున్నవు, నూనె చిట్లుతది," అంది దుర్గమ్మ.

అప్పుడు వినబడింది, గేటు లోపలి నుంచే ఒక గొంతు.

"అరేయ్ దిలీపూ, సిక్కుల ఉండి నాలుగు మస్టర్లు పోయినయ్‌రా! ఈ ఆదివారం నాకు ప్లేడే రాయకుంటే సర్దారు ఇంటి ముంగట చాప ఏస్కొని పంట, సూడు!"

చుట్టూ నవ్వులు. ఆ గొంతు రోడ్డు దాటి నేరుగా బండి దగ్గరికే వచ్చింది. "అవ్వా, నాలుగు మిర్చి కట్టు, జర జల్దీ."

పుష్పమ్మ కొంగు వెనక్కి జరిపింది.

దేవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తరవాత నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, "నమస్తే ఆంటీ. ఇప్పుడే డ్యూటీ కంప్లీట్ అయింది," అన్నాడు.

"గేటు కాడ ఏమంటివి బిడ్డా?"

"ఏం లేదు ఆంటీ."

"మస్టరంటివి. సిక్కంటివి. ప్లేడే అంటివి. మా ఇంట్ల గంట కూసున్నవు, ఒక్క మాటన్న ఎందుకు రాలే?"

దేవేందర్ చెయ్యి నుదుటికి రాసుకున్నాడు. మసి ఇంకా వెడల్పయింది.

"రూప వద్దన్నది."

"ఎందుకు?"

"పెండ్లికి వాళ్ల బడి మేడమ్‌లు, సార్లు వస్తరట. వాళ్ల ముంగట నోరు జారొద్దని రోజూ ఫోన్ల నేర్పుతున్నది. మీ ఇంట్ల జారకుంటే యాడ జారవన్నది." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఉప్మా రుచి గూడ తెల్వలే ఆంటీ. పదో తరగతి పరీక్ష రాసినట్టున్నది."

దుర్గమ్మ పకపకా నవ్వింది. "మరి పాసైండా అక్కా?"

"నా తాన ఫెయిలు," అంది పుష్పమ్మ. మిర్చి పొట్లం తనే తీసి అతని చేతిలో పెట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఆమెకు మళ్లీ కుదురు లేదు. పిల్లవాడు అబద్ధం కాదు, బాగుంది. ఆ నాలుకను రోజూ తోమి తెల్లగా చేస్తున్నది తన కడుపున పుట్టిన బిడ్డ. రేపు ఆ మేడమ్‌లు వచ్చినప్పుడు, తోమినా తెల్లబడని తన నోటిని రూప ఎక్కడ దాస్తుంది? పరకాల నుంచి మహబూబాబాద్ దాకా ఇదే తిప్పి తిప్పి ఆలోచించింది.

రూప గుమ్మంలోనే నిలబడి ఉంది. అప్పటికే దేవేందర్ ఫోన్ చేసినట్టుంది.

"చూసొచ్చినవా? అనుమానం పోయిందా?"

"పిలగాని మీద పోయింది. నీ మీద పట్టింది."

"నా మీదనా?"

"మీ మేడమ్‌లొచ్చిన్నాడు నన్ను యాడ కూసోబెడ్తవే? వంటింట్లనా?"

రూప మొహం ఎర్రబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. బడిలో చేరిన మొదటి వారం గుమస్తాతో "సార్, నా మస్టరు పడలే" అన్నదట. స్టాఫ్ రూమంతా నవ్వింది. నెల రోజులు ఆమె పేరు మస్టర్ మేడం.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మస్టరనుడు బందు జేస్తవని."

పుష్పమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి పీట మీద కూలబడింది. ఇంతసేపూ పళ్ల వెనక పెట్టుకున్న మాటల్లో సగం అక్కడే కరిగిపోయాయి. మిగిలిన సగం వదల్లేదు.

"నవ్వినోళ్లకు తెలుసా, గవి ఎక్కడి మాటలో? నీకు తెలుసా? మీ నాయినది గోళీలాటంటివి. నీ పెద్ద పుస్తకం తియ్యి. ప్లేడే అంటే ఏమున్నదో చదువు."

బహుమతిగా వచ్చిన లావు ఇంగ్లీషు నిఘంటువు బీరువా మీది నుంచి దిగింది. రూప వేలు పెట్టి వెతికింది. ఒకచోట ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. పుష్పమ్మ ఆ వేలినే కనిపెట్టి చూసింది, బిడ్డ ఏదైనా దాస్తుందేమోనని.

"ఏమున్నది? ఉన్నదున్నట్టు చెప్పు."

"వాళ్ల దేశంల బొగ్గు బాయిలల్ల పని బందున్న రోజును గిట్లనే అనేటోళ్లట. ఆట కాదు. పని లేకుండ ఉండుడు."

"అయితే మీ నాయిన తప్పన్లే."

"అన్లే." రూప పుస్తకం మూయకుండా అలాగే ఒళ్లో పెట్టుకుంది. "నాకు నేర్పినోళ్లకే తెల్వదమ్మా."

ఇంతలో ఫోన్ మోగింది. దేవేందర్. రూప ఎత్తబోతే పుష్పమ్మ చెయ్యి చాపి తీసుకుని స్పీకరు పెట్టించింది.

"బిడ్డా, ఈ ఏడు ఎన్ని మస్టర్లయినయ్?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. ఏ ఇంగ్లీషులో చెప్పాలో ఆలోచిస్తున్నాడు.

"రూప పక్కకే ఉన్నది. భయపడకు, జెప్పు."

"నూట అరవై రెండు, అత్తమ్మా."

అత్తమ్మా అన్నాడు. రూప చున్నీతో మూతి కప్పుకుంది.

"మంచిది. అయితే ఆదివారం మీ పెద్దమనుషులను తోల్కొని రా. మాట ఖాయం చేసుకుందం."

మళ్లీ గొంతు సవరించుకున్న చప్పుడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. రూప ముందుకు వంగింది. పుష్పమ్మ కనుబొమలు మెల్లగా దగ్గరికి జరిగాయి. రమ్మంటే వెనకాడేవాడు ఏం దాచినట్టు?

"అత్తమ్మా," అన్నాడు దేవేందర్ నసుగుతూ. "ఆదివారం... నాకు ఇందాకనే ప్లేడే రాసిండ్రు."

"ఆఁ?" రూప లేచి నిలబడింది. "మాట ఖాయం చేసుకునే నాడా? ఫోన్ ఇటియ్యమ్మా, నేను చెప్త వానికి!"

పుష్పమ్మ ఫోన్‌ను బిడ్డకు అందకుండా చెవి దగ్గరికి లాక్కుంది. చాలా రోజుల తరవాత ఆమె నుదుటి మీది ముడి విడిపోయింది.

"ప్లేడే వదులుకోకు బిడ్డా," అంది. "గురువారం రా."