పిచ్చుక కట్టిన వంతెన

ఇంట్లోవాళ్ళు పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు పరాయి దేశపు కాలేజీలో అది మొదటి వారం. క్లాసులో అందరూ అట్టతో కట్టిన బుల్లి వంతెనలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. టీచరమ్మ తలుపు తోసుకుని రాగానే పిచ్చుక చటుక్కున లేచి నిలబడింది. ఒకటో తరగతి నుంచి ఒంటబట్టిన అలవాటు, విమానమెక్కినంత మాత్రాన పోతుందా? తీరా చూస్తే లేచింది తనొక్కతే.

"మొదట నువ్వొస్తానంటావు, అంతేగా? రా, నీ వంతెన పట్రా," అంది టీచరమ్మ సంబరంగా.

మర్యాదకు లేచానని చెప్పలేక పిచ్చుక తన వంతెన తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టింది. ఎంత బరువు మోస్తుందో చూడ్డానికి టీచరమ్మ దానిమీద ఒక ఇటుక పెట్టింది. రెండోది పెట్టగానే వంతెన నడ్డి విరిగి చతికిలబడింది. పరువు గంగలో కలిసిందనుకుంది పిచ్చుక.

"ఎందుకు విరిగిందో చెప్పు," అంది టీచరమ్మ.

ఇన్నేళ్ళూ తప్పు చేస్తే ఎర్రగీత కొట్టినవాళ్ళే గానీ, ఎందుకని అడిగిన నాథుడు లేడు. పిచ్చుక విరిగినచోట వేలు పెట్టి, వచ్చీరాని భాషలో, చేతులు తిప్పుకుంటూ చెప్పుకుపోయింది. వెనక బల్లలవాళ్ళు కూడా లేచొచ్చి, వంగి మరీ చూశారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఎలా ఉందే చదువు?"

"నా వంతెన విరిగిందమ్మా. ఎంత బాగుందో!"

అమ్మకు ముక్క అర్థమైతే ఒట్టు.

తర్వాతి క్లాసులో టీచరమ్మ వచ్చినప్పుడు పిచ్చుక కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంది. ఆవిడ స్థిమితంగా కూర్చున్నాక అప్పుడు లేచింది.

"మళ్ళీ నువ్వేనా?"

"మళ్ళీ నేనేనండి," అంటూ కొత్త వంతెన ఎత్తుకుని బయల్దేరింది.